పదహారణాల నేల, నలభై తడుల నేల

పసుపుకు ఎన్ని తడులు పెట్టాలి? కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ సాగు సూచనల్లో దీనికి రెండు జవాబులున్నాయి. బంకమట్టి నేలలకు 15 నుంచి 23 తడులు, ఇసుకపాలు ఎక్కువున్న గరప నేలలకు 40. విత్తనం అదే, ఎనిమిది తొమ్మిది నెలల పంటకాలమూ అదే. నేల మారేసరికి తడుల లెక్క దాదాపు రెట్టింపయింది.

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టూ ఉన్న పసుపు ఊళ్లలో ఈ రెండు లెక్కలూ ఒకే రైతు పట్టా పుస్తకంలో పక్కపక్కనే ఉండొచ్చు. గుట్ట వైపు చెల్క, చెరువు వైపు రేగడి. అంకాపూర్, వేల్పూర్, జక్రాన్‌పల్లి, బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి... ఏ ఊరి శివారుకు పోయినా మన్ను రంగు నాలుగడుగులకోసారి మారుతుంది. ఈ ప్రాంతపు సాగు చరిత్ర చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ నీళ్ల కథే చెప్పుకుంటూ వచ్చాం. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఆనకట్టకు ఎవరు పునాది వేశారు, ఏ కాలువ ఎంత ఆయకట్టు తడిపింది. ఆ నీళ్లను తాగిన మట్టి కథ మాత్రం ఎక్కడా వరసగా కనబడదు. నా దృష్టిలో ఈ నేల మీద పసుపు నిలిచిందీ కుళ్లిందీ ఆ రెండో కథ వల్లనే.

ఆర్మూర్‌లో అడుగుపెట్టిన ఎవరికైనా ముందు కనబడేవి నవనాథ సిద్ధుల గుట్ట మీది బండలు. ఆరు, మూరు (మూడు) కలిసి తొమ్మిది గనుక నవనాథుల ఊరు ఆర్మూరైందని స్థానికులు చెప్పుకుంటారు. ఆ బండలే ఇక్కడి చెల్కలకు తల్లి. గ్రానైటు రాయి వేల ఏళ్లుగా ఎండకు, వానకు చితికితే అందులోని గాజురాయి ఇసుకై మిగులుతుంది, తెల్లరాయి మెత్తబడి బంకమన్నవుతుంది, ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కుతుంది. వాన కురిసినప్పుడల్లా బరువైన ఇసుక, మొరం గుట్ట పాదాల్లోనే ఆగిపోతాయి. సన్నటి బంక నీటితో కలిసి పల్లానికి దిగుతుంది. అందుకే మెరకన ఎర్ర చెల్క, దాని కింద దుబ్బ, పల్లంలో నల్లగా, జిగటగా రేగడి. జిల్లా పడమటి అంచున, దక్కను నల్లరాతి మీద పుట్టిన రేగళ్ల పుట్టుక వేరు. కానీ ఆర్మూర్ వైపు చాలా ఊళ్లలో గుట్ట నుంచి చెరువు దాకా నడిస్తే చాలు, మన్ను ఎలా తయారవుతుందో ఒక పాఠంలా కళ్లముందు పరుచుకుంటుంది.

ఆ తేడాలు చదవడం జనానికి కొత్త కాదు. చెల్క, దుబ్బ, గరుసు, రేగడి, చౌడు, ఒండ్రు అని మనవాళ్లు పెట్టుకున్న పేర్లలో రంగు కన్నా ముందు నీటి గుణం ఉంది. దుబ్బ అంటే పోసిన నీరు నిలవనిది. చౌడు అంటే నీరు ఎండాక ఉప్పు పొంగేది. ఇక ‘పదును’ అనే మాట ఉంది. నాగలి దిగడానికి, విత్తు మొలవడానికి సరిపడా తడి మాత్రమే ఉండి, అడుగుకు మన్ను అంటని స్థితి అది. ఒక్క వాన తర్వాత చెల్క మర్నాటికే పదునుకొస్తుంది, రేగడికి మూడు నాలుగు రోజులు పడుతుంది, ఆపైన రెండు రోజులు ఆలస్యమైతే నాగలికి లొంగదు. శాస్త్రం చాలా తర్వాత కొలిచి చెప్పిన సంగతిని ఒక్క మాటలో పట్టుకున్న భాష మనది.

గ్రంథాలూ ఈ దారినే నడిచాయి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించి, చెట్లన్నిటికీ మెత్తని నేల మేలన్నాడు. అలాంటి నేలలో ముందు నువ్వులు చల్లి, పూతకొచ్చాక అక్కడే తొక్కించేయమన్నాడు. ఈరోజు పచ్చిరొట్ట ఎరువని మనం చెప్పుకునేది అదే. కొత్తగా నాటిన మొక్కకు ఎండాకాలం రెండు పూటలా, చలికాలం రోజు విడిచి రోజు నీళ్లు పోయమని, వానాకాలంలో మాత్రం నేల ఎండితేనే పోయమని చెప్పాడు. ఆ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. క్యాలెండరు చూసి పోయడం నుంచి మన్ను చూసి పోయడానికి మారిన క్షణం అది. సురపాలుడి వృక్షాయుర్వేదం భూమిని జాంగలం, అనూపం, సామాన్యం అని విడదీసింది. పొడినేల, చిత్తడినేల, రెంటికీ మధ్యది. తోటకు మూడోదే శ్రేష్ఠమంది.

కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు నేల వాలును పట్టుకుని పుట్టాయి. చెరువు నీళ్లతో పాటు మెరక నుంచి కొట్టుకొచ్చిన సన్నమట్టినీ ఆపింది. ఎండాకాలం ఆ పూడికను బండ్లకెత్తి చెల్కలకు తోలుకోవడం ఊరి ఆచారం. గుట్ట మీద నుంచి జారిన బంకను మళ్లీ గుట్ట మీదికి చేర్చే పని అది. నాలుగైదేళ్లకోసారి చెరువు మన్ను పడ్డ చెల్క నీటిని ఇంకొన్ని రోజులు పట్టి ఉంచుతుంది.

తర్వాతి ఘట్టమైన భూసర్వే చాలామందికి పన్నుల కథగానే తెలుసు. అసలు మన్నును లోతుగా తవ్వి చూసిన తొలి సర్కారీ ప్రయత్నాల్లో అదొకటి. బొంబాయి ప్రెసిడెన్సీలో గోల్డ్‌స్మిడ్, వింగేట్, డేవిడ్‌సన్ అనే అధికారులు 1847లో ఉమ్మడి నివేదిక ఇచ్చారు. నేల సారం ప్రధానంగా తేమను పీల్చి పట్టి ఉంచే శక్తి మీద, ఆ శక్తి ప్రధానంగా మట్టి లోతు మీద ఆధారపడుతుందని వాళ్లు తేల్చారు. నేలల్ని మూడు తరగతులు చేశారు. నల్లటి లేక ముదురు గోధుమ రంగు సన్నమట్టి మొదటిది, కాస్త ముతకగా చాలావరకు ఎర్రగా ఉండేది రెండోది, గరుసు, వదులు నేల మూడోది. తర్వాత లోతును మూరల్లో కొలిచారు. మూరా ముప్పాతిక లోతు, అంటే రెండున్నర అడుగులు దాటిన మొదటి తరగతి నేల పదహారణాల నేల. లోతు తగ్గేకొద్దీ అణాలు తగ్గి అట్టడుగున రెండణాల నేల దాకా వచ్చేది. పైగా లోపాల గుర్తులు: సున్నపురాళ్లు కలిసినా, ఇసుక కలిసినా, వాలు ఎక్కువైనా, నీరు ఇంకకపోయినా, ఊట పొంగినా ఒక్కో లోపానికి ఒక్కో మెట్టు దిగేది.

హైదరాబాద్ రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉండగా 1870ల్లో సర్వే మొదలైనప్పుడు తీసుకున్నది ఈ బొంబాయి పద్ధతినే. దాంతో పాటు ఖుష్కి, తరి, బాగాయత్ అనే మూడు మాటలు రికార్డుల్లో స్థిరపడ్డాయి. వాన మీద పండేది ఖుష్కి, చెరువు కాలువల కింద తడిసేది తరి, బావి నీళ్లతో తోటగా సాగేది బాగాయత్. పసుపు బాగాయత్ పంట. వసూలు కోసమే కావచ్చు, రైతు వెన్ను వంచడానికే కావచ్చు, ఆ సర్వే మనుషులు ప్రతి చెక్కలో గడ్డపార దింపి మన్ను ఎంత లోతుందో, నీరు ఎంత పడుతుందో రాసిపెట్టారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఆ కాలపు బాగాయత్‌కు ప్రాణం మోటబావి. జత ఎడ్లు, తోలు బొక్కెన, రోజంతా మోట కొడితే తడిసేది కొద్ది జాగా. నీటికి అంత చెమట కారుతుంటే ఎవరూ ఎక్కువ పెట్టరు. మడి ఎండిందా లేదా అని మన్ను తీసి పిడికిట్లో నొక్కి చూశాకే ఎడ్లు కట్టేవాళ్లు. మోట మంచిదని నేననను, మనిషినీ పశువునూ అరగదీసింది. కానీ నీరు మన్ను అడిగినప్పుడే వచ్చిన చివరి కాలం అదేననిపిస్తుంది.

కాలువ వచ్చాక అడిగే హక్కు చేతులు మారింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ రూపకల్పనలో మంజీరా మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. బాన్సువాడ, బోధన్ వైపు నల్ల నేలలకు మొదటిసారి ఆగని నీరు దొరికింది. వరి విస్తరించింది, చెరకు వచ్చింది, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. సంపద వచ్చిన మాట నిజం. అయితే కాలువకు వంతు తెలుసు, మన్ను తెలియదు. నీరు ఇంకడం మట్టిని బట్టి ఎంత మారుతుందో చూడండి. ఇసుక నేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది, గరప నేలలో 10 నుంచి 20, బంకనేలలో 1 నుంచి 5. గంటకు 2 మిల్లీమీటర్లు తాగే రేగడికి వారమంతా కాలువ పారితే మిగతా నీరు పైన నిలిచి వేళ్లకు ఊపిరి ఆడనివ్వదు. వరికి ఆ నిలువనీరు ఇష్టం. పసుపు దుంపకు అదే గండం. మురుగు పోయే దారిలేని పల్లాల్లో ఉప్పు పైకొచ్చి చౌడూ తేలింది.

జూలై 26, 1963న పోచంపాడు దగ్గర గోదావరి మీద జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. అదే శ్రీరాంసాగర్. ఆర్మూర్‌కు ఆనకట్ట కూతవేటు దూరం, కానీ కాకతీయ కాలువ నీళ్లు చాలావరకు కరీంనగర్, వరంగల్ వైపు దిగిపోయాయి. మెరకనున్న ఆర్మూర్ చెల్కలకు పక్కనే సముద్రముండీ బావే దిక్కయింది. తర్వాత ఎత్తిపోతలు వచ్చాయి. ఆర్గుల్ రాజారాం పేరు పెట్టుకున్న గుత్ప పథకం శ్రీరాంసాగర్ వెనుక జలాలను ఈ మెరకకు మోసుకొచ్చింది. ఇక ఆ జలాశయాల అడుగున చేరిందేమిటి? ఎగువ పొలాల మీది సన్నమట్టే. 112 టీఎంసీలతో మొదలైన శ్రీరాంసాగర్ సామర్థ్యం పూడిక వల్ల తర్వాతి సర్వేల్లో 90కి, ఆపైన 80కి పడిపోయింది. చెరువులో పడితే బండ్ల మీద తిరిగి పొలానికొచ్చే మన్ను, మహా జలాశయంలో పడ్డాక తిరిగి రాలేదు.

బయటి ప్రపంచంలో ఈలోగా కొలతలు తయారవుతున్నాయి. అమెరికాలో బ్రిగ్స్, షాంట్జ్ 1912లో మొక్క తిరిగి తేరుకోలేనంతగా వాడిపోయే తేమ స్థాయి మొక్క జాతి కన్నా మట్టి రకం మీదే ఎక్కువ ఆధారపడుతుందని చూపారు. 1931లో వీమయర్, హెండ్రిక్‌సన్ తడి పెట్టాక అదనపు నీరు జారిపోగా మన్నులో మిగిలే తేమకు ఒక పేరు పెట్టారు. ఈ పై హద్దుకూ, మొక్క వాడిపోయే ఆ కింది హద్దుకూ మధ్యలో ఉన్నదే మొక్క తాగగలిగే నీరు. మీటరు లోతు ఇసుకలో అది 25 నుంచి 100 మిల్లీమీటర్లు, గరపలో 100 నుంచి 175, బంకలో 175 నుంచి 250. పదహారణాల లెక్క, పదును లెక్క ఇక్కడికొచ్చి కలిశాయి.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. ఆ క్షేత్రంలో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఉన్నాయి. 1976లో నల్లరేగడి మీద మొదలుపెట్టిన నీటిపరీవాహక ప్రయోగంలో నేలను సన్నని వాలుతో వెడల్పాటి ఎత్తుమడులుగా, మధ్యలో కాలువలుగా చేశారు. వానాకాలం అదనపు నీరు కాలువలో జారిపోయేది, వేళ్లు మడి మీద ఊపిరి పీల్చేవి. పసుపుకు సుగంధ ద్రవ్యాల సంస్థ చెప్పే మీటరు వెడల్పు, అడుగు దాకా ఎత్తు మడులకూ సూత్రం అదే. కమ్మర్‌పల్లిలో పసుపు కోసమే పరిశోధన స్థానం ఉండటం ఈ ప్రాంతం అదృష్టం.

అసలు మలుపు కరెంటుతో వచ్చింది. బోర్లు లోతుకు దిగాయి, 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్ వచ్చింది. కరెంటు మాత్రం విడతల్లో, చాలాసార్లు అర్ధరాత్రి వచ్చేది. చీకట్లో పాముల మధ్య మోటారు దగ్గరికి పోలేక రైతు ఆటోస్టార్టర్ పెట్టుకున్నాడు. కరెంటు వస్తే మోటారు తిరుగుతుంది, మడి ఎండినా నిండినా సరే. రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఎప్పుడు పోతుందో తెలియని నీటిని దొరికినప్పుడే పట్టుకోవడం ఎవరైనా చేసే పనే. జనవరి 1, 2018 నుంచి తెలంగాణ 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ప్రభుత్వమే ఆటోస్టార్టర్లు తీసేయమని కోరాల్సి వచ్చింది. అప్పటికి ఒక తరం మన్నును పిడికిట్లో నొక్కి చూడటం మానేసింది.

దాని ఫలితం దుంపకుళ్లులో కనబడుతుంది. శిలీంధ్రాన్ని పోలిన పితియం అనే జీవి బీజాలు నీటిలో ఈదగలవు. మడిలో నీరు నిలిస్తే ఒక మొదలు నుంచి మరో మొదలుకు చేరడానికి వాటికి దారి వేసినట్టే. ముందు ఆకుల అంచులు పసుపెక్కుతాయి, కాండం మొదలు మెత్తబడుతుంది, లాగితే చేతికొస్తుంది, కింద దుంప గోధుమ రంగు ముద్దై ఉంటుంది. మందు పోస్తారు, ట్రైకోడెర్మా వేస్తారు. మురుగు తీయకుండా ఇవేవీ నిలబడవు. సున్నపు పాలున్న రేగళ్లలో ఇంకో మోసం ఉంది. తడి ఎక్కువైతే ఇనుము అందక లేత ఆకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. దాన్ని నత్రజని లోపమనుకుని యూరియా చల్లితే డబ్బు పోతుంది, ఆకు మారదు. చెల్కల కష్టం వేరు. పెట్టిన తడితో పాటు నత్రజని, పొటాష్ వేళ్ల కిందికి జారిపోతాయి, ఇసుక సందుల్లో నులిపురుగులు హాయిగా తిరుగుతాయి, ఒక తడి తప్పితే కొమ్ము సన్నబడుతుంది. మార్కెట్‌లో కొమ్ముకూ మండకూ రేటు కట్టే ముందు చూసే గట్టితనం, లావు సగం ఇక్కడే తేలిపోతాయి.

డ్రిప్ వచ్చాక చాలా మారింది, ముఖ్యంగా చెల్కల్లో. నలభై తడులను చిన్న చిన్న గుక్కలుగా చేసి ఇవ్వడం దానితోనే సాధ్యం. కానీ పైపుకూ మన్ను తెలియాలి. ఇసుకలో చుక్క నేరుగా కిందికి, ముల్లంగిలా సన్నగా దిగుతుంది. రేగడిలో ఉల్లిగడ్డలా పక్కలకు విప్పారుతుంది. అందుకే చెల్కలో చుక్కల రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉండాలి, రేగడిలో దూరం ఉన్నా నష్టం లేదు. రెండింటికీ ఒకే పైపు చుట్ట పరిచిన చోట ఎర్ర నేలలో వరసల మధ్య మొక్కలు కుంగి ఉండటం చూశాను.

పట్టణంలోని పెరళ్లదీ ఇదే తీరు. ఆర్మూర్ పెరిగేకొద్దీ కొత్త ఇళ్ల స్థలాలు మొరంతో నింపారు. దాని మీద గులాబీ, మల్లె, కరివేపాకు పెట్టి రోజూ ఒక చెంబు పోస్తారు. ఒక చదరపు మీటరు పెరడు తీసుకుందాం. వేళ్లు అడుగు లోతు ఉంటే చెల్కలో మొక్కకు దొరికే నీరు సుమారు 30 లీటర్లు, మంచి రేగడిలో 60 లీటర్లు. అందులో సగం ఖర్చయ్యాక మళ్లీ పోయాలనుకుంటే, ఎండాకాలం రోజుకు 6 లీటర్లు ఆవిరైపోతాయనుకుంటే, చెల్కలో రెండు మూడు రోజులకోసారి 15 లీటర్లు, రేగడిలో ఐదు రోజులకోసారి 30 లీటర్లు. రోజూ చెంబెడు పోయడం రెండింటికీ తప్పే. చెల్కలో అది వేరును చేరదు, రేగడిలో పైపొరను ఎప్పుడూ చిత్తడిగా ఉంచుతుంది. ఏ మన్నో తెలియకపోతే గాజు సీసాలో మూడోవంతు మన్ను, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంక మర్నాటికి. సీసా గోడ మీద గుట్ట నుంచి చెరువు దాకా మన ఊరే కనబడుతుంది. రేగడి జిగట పోవాలని నాలుగు తట్టల ఇసుక కలపొద్దు, అది ఎండాక ఇటుకలా బిగుస్తుంది. మాగిన పశువుల ఎరువే రెండు నేలలకూ మందు. చెల్కకు పట్టు ఇస్తుంది, రేగడికి సందు ఇస్తుంది.

ఇటీవలి కాలంలో మన్ను మళ్లీ సర్కారు భాషలోకి వచ్చింది. 2015 ఫిబ్రవరి 19న దేశమంతటికీ సాయిల్ హెల్త్ కార్డు పథకం మొదలైంది. అదే ఏడాది మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలై, 46,531 చెరువుల పూడిక తీయాలని లెక్క వేసుకున్నారు. ట్రాక్టర్ల మీద నల్లమన్ను చెల్కలకెక్కింది. బండి ఎడ్ల ఆచారం ఇంజను మోతతో తిరిగొచ్చిన ఆ రోజులు నాకు చాలా ఇష్టం.

ఆపైన పసుపు రాజకీయాల్లోకీ వచ్చింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్న, పసుపు ధరల కోసం 178 మంది రైతులు నిజామాబాద్‌లో పోటీకి దిగారు, అభ్యర్థులు 185 మందయ్యారు. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు, 2025 సంక్రాంతినాడు అది ప్రారంభమైంది, జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరుచుకుంది. రైతులు కొట్లాడి తెచ్చుకున్న బోర్డు ఇది. ధర, ఎగుమతి, కుర్కుమిన్ శాతం దాని ముందున్న పనులు. వాటితో పాటు ఒక్కటి అడగాలని ఉంది.

సాయిల్ హెల్త్ కార్డులో 12 గుణాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఆమ్లక్షార స్థితి, లవణాలు, సేంద్రియ కర్బనం. అన్నీ కావలసినవే. కానీ ఈ మన్ను ఎంత లోతుంది, ఇసుక ఎంత, బంక ఎంత, ఒక తడి పెడితే ఎన్ని రోజులు పట్టి ఉంచుతుంది అనేవి అందులో లేవు. నూటయాభై ఏళ్ల కిందట శిస్తు కోసం వచ్చిన సర్వేయరు గడ్డపారతో తవ్వి రాసుకున్న సంగతిని, ఈనాడు రైతు మేలు కోసం ఇచ్చే కార్డు అడగడం లేదు. పసుపు బోర్డు, కమ్మర్‌పల్లి పరిశోధన స్థానం కలిసి ఆర్మూర్ చుట్టూ ఉన్న ఊళ్లలో మృగశిర కార్తెకు ముందే, దుంప నాటకముందే, చెక్క చెక్కకూ ఆ రెండు వరసలు చేర్చి ఇవ్వొచ్చు. లోతు ఇన్ని అంగుళాలు. తడికీ తడికీ మధ్య ఇన్ని రోజులు.